బొమ్మలకి ఆఫీస్ టైమింగులేంటండీ?

శనివారం రాత్రి పదింటికి ఆర్ట్ గ్యాలరీలో కాలు పెట్టే సందు లేకపోతే అది కళకి పట్టిన తెగులా? మన సాఫ్ట్‌వేర్ జనాల్లో కాస్త పుస్తకాలూ అవీ చదివేవాళ్ళని అడిగి చూడండి, అవుననే అంటారు. "అది గ్యాలరీనా, పబ్బా?", "ఒక్కడన్నా బొమ్మ వంక చూశాడా, అందరూ సెల్ఫీలే", "వీకెండు ఇంకెక్కడా టేబుల్ దొరక్క ఇక్కడ పడ్డారు".. ఇదీ వరస. ఈ మధ్య ఈ మాటలు తెగ వింటున్నాను. విని విని విసుగొచ్చి చెబుతున్నాను: ఆ జనం ఉండాల్సిన చోటే ఉన్నారు. తప్పంటూ ఉంటే, ఏడాదిలో మిగతా రోజులన్నీ జనం రాలేని వేళల్లో తలుపులు తీసి, "మనవాళ్ళకి కళంటే ఆసక్తి లేదండీ" అని నిట్టూర్చేవాళ్ళది.

ముందు టైమింగుల సంగతి చూద్దాం. హైదరాబాద్‌లో గ్యాలరీలు మామూలుగా పొద్దున పదకొండు ప్రాంతంలో తెరుస్తారు, సాయంత్రం ఏడు ప్రాంతంలో మూస్తారు. చాలాచోట్ల ఆదివారం సెలవు కూడాను. సాలార్‌జంగ్ మ్యూజియం అయితే సాయంత్రం ఐదుకే మూత. మాదాపూర్‌లో ప్రభుత్వానికి స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ ఉంది. చుట్టూ ఎటు చూసినా ఐటీ కంపెనీలే, లక్షల మంది పనిచేసే చోటు. పదకొండింటికి మనం స్టాండప్ మీటింగులో ఉంటాం. ఏడింటికి అమెరికావాడు నిద్ర లేచి ఆఫీసుకొచ్చి మెయిల్ పెడతాడు. ఇంకెప్పుడు వెళ్ళాలి?

మన భాషలోనే చెప్పుకుందాం. ట్రాఫిక్ వచ్చే టైములో సర్వర్ ఆపేసి, ఎవరూ రాని టైములో నడిపి, నెలాఖరున "మన సైటుకి యూజర్లు లేరండీ, జనానికి టేస్టు లేదు" అని రిపోర్టు రాస్తే మీ మేనేజర్ ఏం చేస్తాడు? ఆ రిపోర్టు మీ మొహాన కొడతాడు. కళ విషయంలో మాత్రం అదే రిపోర్టుని మనం ఏళ్ళ తరబడి తలాడిస్తూ చదువుతున్నాం.

ఇది మన ఒక్కళ్ళ ఏడుపే అయితే నేనింత రాయను. మనం శనివారం పగలు వెళ్ళొచ్చు, బద్ధకం తప్ప పెద్ద అడ్డేం లేదు. మా జహీరాబాద్ సంగతి చెప్తాను, అప్పుడు తెలుస్తుంది ఈ వేళలు ఎవరి కోసం పెట్టారో.

జహీరాబాద్ అంటే హైదరాబాద్ నుంచి ముంబై రోడ్డు మీద వంద కిలోమీటర్లు దాటాక, కర్ణాటక సరిహద్దుకి ఇటుపక్క వచ్చే ఊరు. ఒకప్పుడు మెదక్ జిల్లా, 2016 నుంచి సంగారెడ్డి జిల్లా. చెరుకు, అల్లం, ఆలుగడ్డ పండించే రైతులూ, మహీంద్రా ట్రాక్టర్ ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసేవాళ్ళూ ఉన్న ఊరు. ఫంక్షన్ హాళ్ళు బోలెడున్నాయి. గ్యాలరీ లేదు. సరే, లేకపోతే లేదు, హైదరాబాద్ వెళ్ళి చూడొచ్చుగా అంటారు. వెళ్ళి చూడాలంటే ఎంతవుతుందో లెక్క వెయ్యండి. పొద్దున బస్సెక్కి, సిటీ ట్రాఫిక్ దాటుకుని పాతబస్తీ చేరేసరికి మధ్యాహ్నం. ఐదింటికి గంట కొట్టి బయటికి పంపిస్తారు. ఒక రోజు కూలి పోయింది. ఇంట్లో నలుగురొస్తే నలుగురి చార్జీలు. ఇంత ఖర్చు పెట్టి బొమ్మలు చూడ్డానికి రాలేదని వాడికి "ఆసక్తి లేదు" అని సర్టిఫికెట్ ఇస్తున్నాం.

ఇందులో ఇంకో విడ్డూరం ఉంది. మాకు ముప్పై కిలోమీటర్ల దూరంలో బీదర్. బిద్రీ పని పుట్టిన ఊరు. జింకు, రాగి కలిపి పోతపోసి, దాని మీద నగిషీ చెక్కి, వెండి తీగ పొదిగి, బీదర్ కోట మట్టితో నలుపెక్కిస్తారు. మా జహీరాబాద్ వాళ్ళు పెళ్ళిళ్ళకీ ఆస్పత్రికీ బీదర్ వెళ్ళొస్తుంటారు. పక్కూరి పనివాళ్ళ తాతముత్తాతలు చేసిన గొప్ప గొప్ప హుక్కాలూ, పాన్‌దాన్లూ చూడాలంటే మాత్రం వాళ్ళు వెనక్కి తిరిగి వందకి పైగా కిలోమీటర్లు వెళ్ళి, సాలార్‌జంగ్‌లో అద్దాల వెనకాల చూడాలి. అదీ ఐదు లోపల! లక్ష్మా గౌడ్ గారు మా మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టారు. మా పల్లెల మేకల్నీ, మనుషుల్నీ గీసి దేశమంతా పేరు తెచ్చుకున్నారు, 2016లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఆ మేకలు కాసినవాళ్ళ పిల్లల్లో ఆ బొమ్మలు ఎదురుగా నిలబడి చూసినవాళ్ళు నాకింతవరకూ ఒక్కరు కూడా తగల్లేదు.

"మీ పల్లెటూళ్ళవాళ్ళకి అవన్నీ ఎందుకయ్యా" అనే పెద్దమనుషులకి సమాధానం కూడా జహీరాబాద్‌లోనే ఉంది. పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అని ఒక సంస్థ 1980ల నుంచి పనిచేస్తోంది. అందులోని సంఘం ఆడవాళ్ళు, ఎక్కువమంది దళిత రైతులు, సంక్రాంతికి పాత పంటల జాతర మొదలుపెడతారు. ఎడ్లబండ్లని అలంకరించి, వాటి మీద జొన్నలు, సజ్జలు, కొర్రలు, పప్పుధాన్యాలు.. ఇలా పదుల రకాల విత్తనాలు కుండల్లో, బుట్టల్లో పేర్చి, డప్పులతో పాటలతో ఊరూరూ తిప్పుతారు. దాదాపు నెల రోజులు. ఇరవై ఏళ్ళకి పైగా జరుగుతూ వచ్చింది. ఎగ్జిబిషన్ అంటే అది! ఏ కుండ పక్కన ఏ బుట్ట పెట్టాలో, ఏ రంగు గింజ పక్కన ఏ రంగు గింజ పొయ్యాలో వాళ్ళకి ఎవరూ క్యూరేషన్ కోర్సు చెప్పలేదు. జనం ఎగ్జిబిషన్ దగ్గరికి రావాలని కూర్చోలేదు, ఎగ్జిబిషన్నే బండెక్కించి జనం దగ్గరికి తీసుకెళ్ళారు.

ఆ సంఘం వాళ్ళదే రేడియో. మాచ్‌నూర్‌లో 2008 అక్టోబర్ 15న మొదలైంది, 90.4 ఎఫ్ఎమ్. దేశంలో వచ్చిన తొలి గ్రామీణ కమ్యూనిటీ రేడియోల్లో ఒకటి. ప్రసారాలు ఎప్పుడు పెట్టుకున్నారో తెలుసా? రాత్రి ఏడు నుంచి తొమ్మిది. ఎందుకంటే వినేవాళ్ళు పొలం నుంచి ఇంటికొచ్చి, పొయ్యి వెలిగించి, కాస్త నడుం వాల్చే టైమ్ అది. ఇంత చిన్న విషయం బడి మెట్లు ఎక్కని ఆడవాళ్ళకి తట్టింది. పీహెచ్‌డీలు చేసిన మ్యూజియం కమిటీలకి తట్టలేదు.

అసలు రాత్రిపూట గుంపుగా కూర్చుని బొమ్మలు చూడ్డం మనకి ఇవాళ అమెరికా నుంచి దిగుమతైంది కాదు. తోలుబొమ్మలాట పగలు ఆడతారా? చీకటి పడాలి, తెర వెనక దీపం పెట్టాలి, అప్పుడే బొమ్మకి ప్రాణమొస్తుంది. తెల్లారేదాకా ఆట. పిల్లలు ఏడుస్తారు, ముసలాళ్ళు దగ్గుతారు, ఎవడో వేరుశనక్కాయలు అమ్ముతాడు. రావణుడు వచ్చినప్పుడు మాత్రం అందరూ చూస్తారు. చేర్యాల నకాషీ పటం తీసుకోండి. కాకిపడగలవాళ్ళు ముదిరాజుల దగ్గరా, కూనపులివాళ్ళు పద్మశాలీల దగ్గరా బారెడు పటం వేలాడదీసి, ఒక్కో బొమ్మా చూపిస్తూ కథ చెప్పేవాళ్ళు. ఆ పటం నాలుగు గోడల మధ్య నిశ్శబ్దంగా చూడ్డానికి గీసింది కాదు, కులమంతా గుమిగూడి చూడ్డానికి గీసింది. ఇవాళ అదే పటాన్ని గ్యాలరీ గోడకి తగిలించి, పక్కన "దయచేసి నిశ్శబ్దం పాటించండి" అని బోర్డు పెడుతున్నాం. భలే సంరక్షణ!

హైదరాబాద్‌లో రాత్రిపూట ఎగ్జిబిషన్ నడపడం కుదరదు, సెక్యూరిటీ సమస్య, జనాన్ని ఆపలేం అంటారు కొందరు. నుమాయిష్‌కి ఎప్పుడూ వెళ్ళలేదా బాబూ? 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో ఉస్మానియా పట్టభద్రులు మొదలుపెట్టారు, తర్వాత నాంపల్లి మైదానానికి మారింది. జనవరి ఒకటి నుంచి నెలన్నర పాటు, సాయంత్రం మొదలై రాత్రి పది దాటేదాకా నడుస్తుంది. చలిలో స్వెట్టర్లేసుకుని పిల్లల్ని భుజాలెక్కించుకుని వస్తారు. కశ్మీరు శాలువాలూ, లక్నో కుర్తాలూ, ఖుర్జా పింగాణీ అన్నీ ముట్టుకుని, బేరమాడి, మిర్చి బజ్జీ తిని పోతారు. ఇంత జనాన్ని ఎనభై ఏళ్ళకి పైగా సంభాళిస్తున్న ఊరికి, ఒక గ్యాలరీలో మూడు హాళ్ళు రాత్రి పదకొండు దాకా తెరిచి ఉంచడం చేతకాదంటే నేన్నమ్మను.

ఇప్పుడు ఆ సెల్ఫీల జనం దగ్గరికొద్దాం. పోయిన చలికాలం హైదరాబాద్‌లో ఒక గ్యాలరీలో ఇలాంటి రాత్రి కార్యక్రమానికి వెళ్ళాను. పేరు అనవసరం. మూడు గదులు, ఊపిరాడని జనం, ఒక మూల గిటారు, ఇంకో మూల కాఫీ. గేటు దగ్గర సెక్యూరిటీ అతను నా మెడలో కంపెనీ బ్యాడ్జి చూసి ఏమీ అడక్కుండా పంపించాడు. నా వెనకాలే వచ్చిన ఒక క్యాబ్ డ్రైవర్‌ని మాత్రం "లిస్టుల పేరుందా?" అని ఆపేశాడు. నిజానికి లిస్టూ లేదు, టికెట్టూ లేదు, అందరికీ ఉచితం. ఆ ముక్క బయట ఎక్కడా రాసిలేదంతే. నేను వెనక్కొచ్చి చెప్తే వదిలాడు. మాటల్లో ఏ ఊరన్నా అని అడిగితే న్యాల్‌కల్ అన్నాడు. మా జహీరాబాద్ పక్కనే! ఎవరినో దింపడానికి వచ్చాడట, తిరిగి తీసుకెళ్ళాలి కాబట్టి రెండు గంటలు బయట కూర్చోవాలి, ఈలోగా చూద్దామని వచ్చాడు.

ఒక గదిలో నల్ల సిరాతో వేసిన మేక బొమ్మ ఉంది. దాని ముందు ఇద్దరు ముగ్గురు "టెక్స్చర్" గురించీ, "రిథమ్" గురించీ మాట్లాడుకుంటున్నారు. మనవాడు కాసేపు చూసి, నాతో అన్నాడు: "అన్నా, గిది సూడి మేక. కడుపు కిందికి జారింది జూడు. రెండు మూడు దినాలల్ల ఈనుతది." మాట కాస్త గట్టిగానే అన్నాడు. పక్కనున్న వాళ్ళంతా ఆగిపోయి మళ్ళీ చూశారు. ఒకమ్మాయి "ఎలా తెలుస్తుందండీ?" అని అడిగింది. ఆయన వేలు పెట్టి (దూరం నుంచేలెండి) వెనక కాళ్ళు ఎంత ఎడంగా ఉన్నాయో, తోక మొదట్లో ఎముక దగ్గర ఎలా లోతు పడిందో చూపించాడు. బొమ్మ వేసినాయన ఇవన్నీ చూసే వేశాడన్నమాట. ఒక్క నిమిషంలో ఏడెనిమిది మంది పోగయ్యారు. ఫోన్లు పట్టుకున్నవాళ్ళే, సెల్ఫీలు దిగినవాళ్ళే. అందరూ ఆ మేకని చూస్తున్నారు.

పగలు పదకొండింటికి, ఖాళీ గ్యాలరీలో, నిశ్శబ్దంలో ఇది జరుగుతుందా? అక్కడ ఆ డ్రైవరూ ఉండడు, ఆ అమ్మాయీ ఉండదు. ఉన్నా గట్టిగా మాట్లాడే ధైర్యం ఎవరికుంటుంది? నిశ్శబ్దం బొమ్మకి మంచిదే కావచ్చు. కానీ అది తెలిసినవాళ్ళకి మాత్రమే హాయి, కొత్తవాడికి అది "నీకిక్కడేం పని" అని అడిగినట్టే ఉంటుంది. గుంపులో ఆ భయం పోతుంది. సాలార్‌జంగ్‌లో సంగీత గడియారం ముందు చూడండి. గంట కొట్టే వేళకి పల్లెలనుంచి వచ్చినవాళ్ళు, స్కూలు పిల్లలు, ముసలమ్మలు అందరూ పోగై తోసుకుంటారు. చిన్న బొమ్మ తలుపు తీసుకుని బయటికొచ్చి గంట కొట్టేటప్పుడు ఎవరూ చెప్పకుండానే అంతమందీ నోరు మూసుకుంటారు. చూడ్డం రానివాళ్ళు చేసే పనేనా అది?

సెల్ఫీ సంగతంటారా, దిగనివ్వండి. తిరుపతి వెళ్ళినా, తాజ్‌మహల్ వెళ్ళినా దిగుతున్నాం. గ్యాలరీకి వచ్చినవాడు మాత్రం మునిలా ఉండాలని రూలేంటి? పదిమంది సెల్ఫీ కోసం వస్తే అందులో ఇద్దరు బొమ్మ చూస్తారు. రాకపోతే ఆ ఇద్దరు కూడా లేరు కదా!

ఇక్కడ ఒక తేడా మాత్రం గుర్తుపెట్టుకోవాలి. ప్రైవేటు గ్యాలరీ అంటే దుకాణం. కొనేవాళ్ళని పిలుచుకుని, వైను పోసి, లిస్టు పెట్టుకుంటే నేనేమీ అనను, అది వాళ్ళ వ్యాపారం. కానీ మన పన్నుల డబ్బుతో నడిచే గ్యాలరీలూ మ్యూజియాలూ దుకాణాలు కావు. వాటికి జనం వీలు చూసుకోవాల్సిన బాధ్యత ఉంది. బెర్లిన్‌లో 1997లోనే కొన్ని మ్యూజియాలు కలిసి ఒక రాత్రి పొద్దుపోయేదాకా తెరిచే పద్ధతి పెట్టారు. పారిస్‌లో 2002 నుంచి ఏడాదికో రాత్రి ఊరంతా కళ కోసం మేలుకుంటుంది. అవి వద్దు, పండగలా ఏడాదికొకసారి చేస్తే మళ్ళీ ఈ తొక్కిసలాటే అవుతుంది. లూవ్ర్ మ్యూజియం చూడండి, వారంలో రెండు రోజులు రాత్రి తొమ్మిది దాకా తెరిచే ఉంటుంది. ప్రతివారం ఉంటుంది కాబట్టి ఎవడూ తోసుకోనక్కర్లేదు. ఈ రాత్రి జనం ఎక్కువని ఏడ్చేవాళ్ళకి మందు అదే: రాత్రుళ్ళు పెంచండి, జనం దానంతటదే సర్దుకుంటుంది. లోడ్ ఎక్కువైతే మనం యూజర్లని తిట్టం కదా, సర్వర్లు పెంచుతాం.

"బొమ్మలు పాడైపోతాయి" అనే వాదన ఒకటుంది. కాగితం మీద వేసిన బొమ్మల మీద 50 లక్స్‌కి మించి వెలుతురు పడకూడదని మ్యూజియంవాళ్ళే పెట్టుకున్న లెక్క. లోపల ఎలాగూ దీపాలే, కిటికీ వెలుగు కాదు. బయట పగలైతేనేం, రాత్రైతేనేం? నేను గంటలు పెంచమని అడగట్లేదు, జరపమంటున్నాను. వారంలో రెండు రోజులు పదకొండు నుంచి ఏడు బదులు మూడు నుంచి పదకొండు దాకా పెట్టండి. అవే ఎనిమిది గంటలు, అవే దీపాలు. అక్కడ పనిచేసేవాళ్ళు అర్ధరాత్రి ఇంటికెలా వెళ్తారన్నది మాత్రం న్యాయమైన ప్రశ్న. నైట్ షిఫ్టులో ఆడపిల్లల్ని ఇంటి గుమ్మం దాకా దింపే క్యాబులు మన కంపెనీలు నడుపుతున్నాయి. గ్యాలరీలో టికెట్లు చూసే ఆవిడకీ, ఊడ్చే ఆవిడకీ కూడా అదే ఏర్పాటు చెయ్యాలి. అది చెయ్యకుండా రాత్రి తెరవమనడం అన్యాయం.

డబ్బులెక్కడివి అంటారా? కంపెనీల చట్టం 2013లో 135వ సెక్షన్ ఉంది. ఒక స్థాయి దాటిన కంపెనీలు లాభాల్లో రెండు శాతం సమాజానికి ఖర్చుపెట్టాలి. వేటి మీద పెట్టొచ్చో చెప్పే ఏడో షెడ్యూల్లో కళలూ, సంస్కృతీ, సంప్రదాయ చేతిపనులూ ఉన్నాయి. మన కంపెనీలు ఏం చేస్తున్నాయి? ఏటా టీ షర్టులు వేయించి, మనచేత మొక్కలు నాటించి, ఫోటోలు తీయిస్తున్నాయి. (నీళ్ళెవరు పోస్తారో మాత్రం అడక్కండి.) ఆ డబ్బులో కాస్త పెట్టి జహీరాబాద్‌లో ఖాళీగా ఉండే ఒక ఫంక్షన్ హాలు నెలకి నాలుగు రాత్రులు తీసుకోమనండి. బీదర్ నుంచి బిద్రీ పనివాళ్ళని పిలవండి, చేర్యాల పటం తెప్పించండి, హైదరాబాద్ గోడౌన్లలో మూలుగుతున్న బొమ్మల్లో నాలుగు ఇన్సూరెన్సు చేయించి పంపించండి. ఫ్యాక్టరీ షిఫ్టు దిగినవాడు ఇంటికి పోతూ పోతూ చూసేలా పదకొండు దాకా తెరిచి పెట్టండి. బయట పెద్ద అక్షరాలతో తెలుగులోనూ, ఉర్దూలోనూ, కన్నడంలోనూ "టికెట్ లేదు, ఎవరైనా రావచ్చు" అని రాయండి. మా ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వరుడి దగ్గర శివరాత్రికి జాగారం చేసే జనానికి రాత్రి మేలుకోవడం కొత్తేమీ కాదు.

ఎవరూ రారంటారా? అప్పుడు మాట్లాడదాం ఆసక్తి గురించి. తలుపు తియ్యకముందే తీర్పులు చెప్పకండి.

అందాకా, ఎప్పుడైనా రాత్రి పదింటికి గ్యాలరీలో ఎవడో మీ కాలు తొక్కితే విసుక్కోకండి. కాస్త పక్కకి జరిగి, వాడికీ బొమ్మ కనబడనివ్వండి.